ధర్మపత్నీ సమేత కార్డు

తాహెరా ఆపా దుకాణం ఇచ్చేస్తానన్న పూట నవత ఒక పట్టు జాకెట్టుకి చేతులు ఎక్కిస్తోంది. ఆ మాట చెవిన పడగానే మిషన్ మీద కాలు ఆగలేదు గానీ కుట్టు మాత్రం పక్కదారి పట్టింది. నవత కుట్టు తప్పడమంటే మాటలు కాదు. టాంపినీస్ పేటలో తెలుగు ఆడవాళ్ళని ఎవర్ని అడిగినా చెబుతారు, చంక దగ్గర ముడత రాకుండా చెయ్యి ఎక్కించాలంటే ఆవిడ తర్వాతే ఎవరైనా అని.

దుకాణం పేరు హుమా టైలర్స్, ఆపా కూతురి పేరు మీద పెట్టింది. ఫ్లాట్ల బ్లాకు కింద, ఒక పక్క క్లినిక్కు, ఇంకో పక్క అక్వేరియం చేపలు అమ్మే చైనీస్ ముసలాయన కొట్టు, మధ్యలో ఇది. ఆపాది హైదరాబాద్ మొఘల్‌పురా. పెళ్ళై ఇక్కడికొచ్చి ముప్ఫై ఏళ్ళు దాటినా, తెలుగు మాట్లాడితే ఇప్పటికీ నిన్న బస్సు దిగినట్టే ఉంటుంది.

«మోకాళ్ళు శాతనైతలెవ్వు బేటా. హుమా వుడ్‌ల్యాండ్స్‌ల తన ఇంటికి రమ్మంటుంది. నెలాఖరుకి కిరాయి కాగితం అయిపోతది. మిషన్లు, గిరాకీ, అద్దాలు, అన్నీ నీకే ఇస్త. ఇంకెవరికీ ఇయ్య. కానీ ఒక్కటే మాట. కాగితాల మీద నీ పేరే ఉండాలె. మీ ఆయన పేరు ఉండొద్దు.»

«అదేంటి ఆపా, ఎవరి పేరైతే ఏముంది?» అంది నవత.

ఆపా చేతిలో కత్తెర కింద పెట్టింది. «దుకాణం పెట్టిన దినం మా ఆయన సాదత్ సాబ్ కూడా గట్లనే అన్నడు. పేరుకే కదా అన్నడు. మంచోడే, నేనేం అనను. ఆయన పోయినంక ఆయన తమ్ముడు వచ్చి కాగితం చూపించి సగం నాది అన్నడు. నా సూది, నా దారం, నా నడుము, సగం వాడిది. వాడికి కట్టుకుంట కట్టుకుంట నా జుట్టు తెల్లబడ్డది.»

చీరాల నుంచి డిపెండెంట్ వీసా మీద దిగిన ఏడాది నుంచీ నవత మనసులో ఉన్న కోరిక ఒక్కటే, తన పేరు రాసున్న బోర్డు కింద కూర్చుని కుట్టుకోవాలని. కటింగ్ బల్ల మీద సుద్దతో «నవత బ్లౌజెస్» అని రాసుకుని, ఎవరైనా వస్తున్నారంటే అరచేత్తో తుడిచేసేది. ఎన్ని సార్లు తుడిచిందో ఆ బల్లకే తెలియాలి.

డబ్బు కావాలి, నిజమే. అడ్వాన్సుకీ, మిషన్లకీ, మొదటి మూడు నెలల అద్దెకీ. చీరాల బంగారం ఫ్లాటు కొన్నప్పుడే కరిగిపోయింది. మిగిలింది బ్యాంకు లోను. అక్కడే నవతకి ధీమా. ఎందుకంటే ఆవిడ దగ్గర దుకాణం కార్డు ఉంది.

ఆ కార్డు కథ కొంచెం చెప్పుకోవాలి. కూతురు వర్షిత ఇంకా చంకపిల్లగా ఉన్నప్పుడు, మాల్‌లో ఉన్న పెద్ద బట్టల దుకాణం వాళ్ళు ఒక బ్యాంకుతో కలిసి కార్డులిస్తుంటే, నవత తన జీతం చీటీలు పట్టుకెళ్ళి తెచ్చుకుంది. ఫ్లాటు శ్యాంసుందర్ పేరు, కరెంటు ఆయన పేరు, ఇంటర్నెట్టు ఆయన పేరు. ఈ దేశంలో నవత పేరు మీద ఉన్న కాగితం, పాస్‌పోర్టు పోగా, ఆ కార్డు ఒక్కటే. దాన్ని పసిపిల్లని సాకినట్టు సాకింది. పిల్ల యూనిఫారాలూ, లైనింగ్ గుడ్డలూ, పండక్కి దుప్పట్లూ అన్నీ దాని మీదే కొనేది, బిల్లు రాగానే గడువు దాకా ఆగకుండా మొత్తం కట్టేసేది. ఒక్క నెలంటే ఒక్క నెల తప్పలేదు. తర్వాత్తర్వాత గైరో పెట్టించుకుంది, జీతం పడిన వెంటనే దానంతటదే కట్ అయ్యేలా. ఈ ఊళ్ళో అప్పు సరిగ్గా తీర్చేవాళ్ళకి ఒక మంచి పేరు ఎక్కడో రాసిపెట్టి ఉంటుందనీ, బ్యాంకువాళ్ళు దాన్ని తీసి చూస్తారనీ ఆవిడ విని ఉంది. అందుకే గుండె నిబ్బరం.

బ్యాంకులో కూర్చున్న కుర్రాడి పేరు ఆకాష్. వాళ్ళ ముత్తాతలది విజయనగరమట. తెలుగు ఇంట్లో నానమ్మ దగ్గర నేర్చుకున్నంత మాత్రం, మాట చివర ఈ ఊరి «లా» తగిలిస్తూ. కంప్యూటర్ వైపు చూశాడు, మళ్ళీ చూశాడు, గుర్తింపు కార్డు ఐసీ నంబరు ఇంకోసారి అడిగి కొట్టాడు.

«ఆంటీ, మీ రికార్డు ఏమీ రావట్లేదు లా.»

«బాగాలేదా?» అంది నవత.

«బాగాలేదంటే అది వేరే. చెడ్డగా ఉంటే చెడ్డ గ్రేడు వస్తుంది. మీకు గ్రేడే లేదు. క్రెడిట్ హిస్టరీ నిల్. నిన్న చాంగి ఎయిర్‌పోర్టులో దిగినవాళ్ళకి ఎలా ఉంటుందో అలా ఉంది.»

నవతకి నవ్వొచ్చింది. పొరపాటు ఎక్కడో బ్యాంకువాళ్ళదే అనుకుంది. బ్యాగులోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టింది. నల్లగా నిగనిగలాడే కార్డు, మీద వెండి అక్షరాల్లో నవత పేరు. «ఇది ఎన్నేళ్ళుగా వాడుతున్నానో తెలుసా బాబూ? నువ్వు ప్రైమరీ స్కూల్లో ఉండి ఉంటావు అప్పటికి.»

ఆకాష్ కార్డు తిప్పి చూశాడు. పాపం మంచి పిల్లాడే, ఎలా చెప్పాలో తెలియక చెవి గోక్కున్నాడు.

«ఇది మీ కార్డు కాదు ఆంటీ. మీ పేరు రాసున్న అంకుల్ కార్డు. సప్లిమెంటరీ.»

«అప్‌గ్రేడ్ చేశాంగా. పాత దుకాణం కార్డునే పెద్దది చేశారు.»

«అప్‌గ్రేడ్ రెండు రకాలుగా జరుగుతుంది ఆంటీ. పాత ఖాతా అలాగే ఉంచి, పైన కార్డు మార్చి ఇవ్వడం ఒకటి. అప్పుడు మీ పాత చరిత్ర తెగదు, అలాగే నడుస్తుంది. పాతది మూసేసి కొత్త ఖాతా తెరవడం రెండోది. మీరు రెండోది చేశారు. అది కూడా అంకుల్ మెయిన్‌గా. మూసేసిన ఖాతా రిపోర్టులో కొన్నేళ్ళు కనిపిస్తుంది, తర్వాత రాలిపోతుంది. మీది రాలిపోయింది.»

«మరి ఈ ఆరేళ్ళ నుంచి బిల్లు కడుతున్నది నేను. నా జీతంలోంచి. గైరో నా ఖాతా మీదే ఉంది, చూసుకో.»

«ఎవరు కట్టారన్నది ఇక్కడ చూడరు ఆంటీ. ఎవరి ఖాతాకి కట్టారన్నదే చూస్తారు. సప్లిమెంటరీ వాళ్ళ పేరు రిపోర్టులోకి ఎక్కదు. అంకుల్ రికార్డు మాత్రం సూపర్‌గా ఉండి ఉంటుంది.»

సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా పెద్దవాళ్ళు. నవత కార్డు వంక అలా చూస్తూ ఉండిపోయింది. ఎన్నో ఏళ్ళుగా తన బ్యాగులో, తన పేరు మోస్తూ తిరిగిన ముక్క. పక్కింటివాళ్ళ పిల్లని ఎత్తుకుని నా బిడ్డే అని ముద్దులాడినట్టయింది.

«ఇప్పుడేం చెయ్యమంటావు బాబూ?»

«మీ సొంత పేరు మీద చిన్న కార్డు ఒకటి తీసుకోండి. ఏడాది పాటు వాడి, టైముకి కట్టండి. అప్పుడు రండి, చూద్దాం. లేదంటే అంకుల్ పేరు మీద పెడితే ఇవాళే అయిపోతుంది.»

ఏడాదంట. కిరాయి కాగితం నెలాఖరుకి పోతుంటే, ఏడాది. చేతులు కాలాక ఆకులు పట్టుకోమని సలహా. ఆ కుర్రాడిని అనడానికేం లేదు, వాడు ఉన్నదే చెప్పాడు.

బస్సులో కూర్చున్నాక నవతకి అంతా వరసగా గుర్తొచ్చింది, రాకపోతే బాగుండుననిపించేలా.

అప్‌గ్రేడ్ ఉత్తరం వచ్చింది నవత పేరు మీద. శ్యాంసుందర్ పేరు మీద కాదు. మీరు ఎన్నేళ్ళుగానో ఒక్కసారి కూడా ఆలస్యం లేకుండా కడుతున్నారు, మీలాంటివారికి మా పెద్ద కార్డు ఇస్తామని. ఆయనకి ఎవరూ అలాంటి ఉత్తరం రాయలేదు. రాయరు కూడా. ఆయనకి అంతకుముందు ఒక కార్డుండేది, రెండు మూడుసార్లు కట్టడం మర్చిపోయి, ఫైన్లు పడితే బ్యాంకువాళ్ళని తిట్టి మూయించేసుకున్నాడు. చాంగి దగ్గర ఒక గోడౌన్ కంపెనీలో కంప్యూటర్లు చూసే ఉద్యోగం ఆయనది. మనిషి చెడ్డవాడు కాదు. తాగడు, తిట్టడు, ఆదివారం ఆదివారం కూరగాయలు కూడా తెస్తాడు. ఆయన మీద ఏ ఆరోపణా చెయ్యలేకపోవడమే నవతకి పెద్ద చిక్కు.

ఆ పెద్ద కార్డుతో ఎయిర్‌పోర్టు లాంజ్ ఉచితం. అదీ అసలు ఎర. తెలుగు సమాజం ఉగాది భోజనాల్లో పెద్దిరాజు గారి భార్య లాంజ్ గురించి చెప్పిన గొప్పలు అన్నీ ఇన్నీ కావు. సోఫాలట, వేడి వేడి ఇడ్లీలట, ఎన్నిసార్లు తెచ్చుకున్నా ఎవరూ అడగరట. «మీరు ఇంకా గేటు దగ్గర కుర్చీల్లోనే కూర్చుంటున్నారా?» అని జాలిపడింది ఆవిడ. లక్షలు లక్షలు పెట్టి ఫ్లాట్లు కొన్నవాళ్ళందరికీ ఆ పూట ఉచిత ఇడ్లీ మీద ప్రాణం పోయింది. నవతకి కూడా పోయింది, దాచడమెందుకు.

బ్యాంకు అమ్మాయి ఫోన్ చేసినప్పుడు నవత పప్పు తాలింపు పెడుతోంది. ఆ అమ్మాయి చక్కగానే చెప్పింది, మేడమ్, మీరే మెయిన్ కార్డ్‌హోల్డర్, మీ వారికి కావాలంటే సప్లిమెంటరీ ఇస్తాం అని. నవత ఫోన్ మూతి అరచేత్తో మూసింది. హాల్లో సోఫా మీద శ్యాంసుందర్ క్రికెట్ చూస్తున్నాడు.

«ఏవండీ, మెయిన్ నేనంట, మీరు సప్లిమెంటరీ అంట.»

«ఊఁ,» అన్నాడు ఆయన, టీవీ మీంచి కన్ను తీయకుండా.

అప్పుడు నవతే అంది. ఎవరూ అనమనలేదు. ఎవరూ చెయ్యి పట్టుకుని సంతకం పెట్టించలేదు.

«మీరు సప్లిమెంటరీ ఏంటండీ, బాగోదు. మీ పేరే పెట్టమంటాను.»

«నీ ఇష్టం,» అన్నాడు ఆయన. కానీ మొహంలో చిన్న నవ్వు వచ్చింది. ఆ నవ్వు నవత చూసింది, సంతోషించింది కూడా. మొగుణ్ణి నలుగురిలో చిన్నబుచ్చకుండా కాపాడుకున్నానన్న సంతోషం. బ్యాంకు అమ్మాయి ఇంకో మాట కూడా అంది, అలా అయితే మీ పాత ఖాతా మూసెయ్యాల్సి వస్తుంది, సరేనా మేడమ్ అని. సరే అంది నవత. తాలింపు మాడుతోంది మరి.

అదేం కొత్త కాదు ఆవిడకి. ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకుంటే పంతులు గారు యజమాని గోత్రం అడుగుతారు, పేరు అడుగుతారు, శ్యాంసుందర్ అని ఖంగున పలుకుతారు. ఆ తర్వాత «ధర్మపత్నీ సమేతస్య» అంటారు. పొద్దున నాలుగింటికి లేచి ప్రసాదం చేసిన మనిషి ఆ సమేతస్యలో ఉంటుంది. అందులో ఉండటం నవతకి చిన్నప్పటి నుంచీ అలవాటు. సప్లిమెంటరీ అన్న ఇంగ్లీషు మాట వింటే ఆవిడకి వింతగా అనిపించలేదు. అది తన చోటే అనిపించింది.

ఇంతకీ ఆ లాంజ్ భోగం ఏమైందో కూడా చెబుతాను. ఆ ఏడే తమ్ముడి గృహప్రవేశానికి నవత పిల్లతో వెళ్ళింది, ఆయనకి సెలవు దొరకలేదు. లాంజ్ తలుపు దగ్గర అమ్మాయి కార్డు గీకి, మెయిన్ కార్డ్‌హోల్డర్ వెంట ఉంటేనే మేడమ్, అంది. తల్లీకూతుళ్ళు గేటు దగ్గర కుర్చీల్లో కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిన్నారు. పెద్దిరాజు గారి భార్యకి మాత్రం లాంజ్ చాలా బాగుందనే చెప్పింది నవత.

బ్యాంకుకి వెళ్ళొచ్చిన రోజు రాత్రి అన్నాల దగ్గర నవత సంగతంతా చెప్పింది. శ్యాంసుందర్ శ్రద్ధగానే విన్నాడు.

«దీనికి ఇంత మొహం ఎందుకు పెట్టావు? నా పేరు మీద తీసుకుందాం. పేరుకే. నడిపేది నువ్వేగా.»

పేరుకే. ఆ ముక్క ఆపా నోట విని రెండు రోజులు కాలేదు.

ఆయన ఉత్సాహంగా ఫోన్ తీసి తన క్రెడిట్ రిపోర్టు తెప్పించి చూపించాడు. «చూడు, టాప్ గ్రేడు. ఆఫీసులో మా బాస్‌కి కూడా ఇంత ఉండదు.» తెర మీద నెలనెలా సకాలంలో చెల్లింపు, సకాలంలో చెల్లింపు అని ఒకే ముక్క కింది దాకా ఉంది. ఆ ప్రతి నెలా నవతకి తెలుసు. అందులో ఒక నెల కోవిడ్ వచ్చి దుకాణం మూతపడితే, ఇంట్లో కూర్చుని గుడ్డ మాస్కులు కుట్టి అమ్మి కట్టింది. ఒక నెల ఆయన గోల్ఫ్ బూట్లు కొంటే, తను కొత్త కళ్ళజోడు మానుకుని కట్టింది. ఇప్పుడవన్నీ ఆయన గుణగణాల కింద జమైపోయాయి.

«ఇవి నేను కట్టినవండీ,» అంది నవత.

«కాదన్నానా? మనలో మనకి నీదీ నాదీ ఏంటి నవతా?»

ఈ మాటకి జవాబు చెప్పినవాళ్ళు గయ్యాళి అవుతారు. వర్షిత కంచం లోంచి తలెత్తి, «అమ్మా, సేమ్ హౌస్ వాట్. జస్ట్ సైన్ లా,» అంది, ఒకే ఇల్లు కదా, సంతకం పెట్టెయ్యరాదా అన్నట్టు. పదిహేడేళ్ళ పిల్ల, ఇంగ్లీషు చదువు చదివిన పిల్ల. నవతకి అన్నిటికంటే ఆ మాట ఎక్కువ తగిలింది. కోపం ముంచుకొచ్చింది, తన మీద, ఆయన మీద, ఆ పిల్లని అలా పెంచిన తన మీద మళ్ళీ. ఏడుపు కూడా వచ్చింది. లేచి వెళ్ళి అంట్లు తోముకుంది.

అయినా మనిషి ఆశ చెడ్డది. రెండు రోజులు తర్జనభర్జన పడి, పేరుదేముందిలే, ముందు దుకాణం చేతికొస్తే చాలు, తర్వాత మార్పించుకోవచ్చులే అని తనకి తను నచ్చజెప్పుకుంది. సరేనండీ, అని ఆయనతో అనేసింది కూడా. పొద్దున్నే ఆపా దగ్గరికెళ్ళి తల వంచుకుని నిలబడింది.

«ఆపా, ఆయన పేరు మీదైతే లోను వస్తుందంట.»

ఆపా ఒక జాకెట్టుకి హుక్కులు కుడుతూ, పంటితో దారం తెంపింది. «నువ్వు అడిగితే నేను కాదనలేను బేటా. నా బిడ్డ లెక్క నువ్వు. ఇస్త. కానీ నువ్వు నన్ను అడగకు.»

«మరేం చెయ్యను ఆపా, నా పేరుకి విలువ లేదంటున్నారు.»

«విలువ లేక కాదు. నువ్వు తీసి ఇంకొకరికి ఇచ్చినవ్. నేను కూడా ఇచ్చిన. మనకి ఇచ్చుడే నేర్పిండ్రు గదా.»

అప్పుడే ఫోన్ మోగింది. శ్యాంసుందర్ మెసేజ్. పాపం ఆయన ఊరికే కూర్చోలేదు, రాత్రి నుంచీ దుకాణం రిజిస్ట్రేషన్ పని మీదే ఉన్నాడు. బోర్డు నమూనా కూడా చేయించి పంపాడు, గులాబీ రంగు మీద బంగారు అక్షరాలు. «శ్యామ్ ఫ్యాషన్స్» అని పెద్దగా ఉంది. దాని కింద, వంకర్లు తిరిగిన చిన్న అక్షరాల్లో, «విత్ నవత.» ఆ కింద ఆయన రాసిన ముక్క, నీ పేరు కూడా పెట్టించాను, హ్యాపీయా?

నవత ఆ బొమ్మని ఆపాకి చూపించలేదు. చూపించడానికి సిగ్గేసింది. పెళ్ళికి ముందు నుంచీ సూది పట్టిన చెయ్యి, ఎంత మంది పెళ్ళిళ్ళకి, ఎంత మంది సీమంతాలకి, పుట్టిన రోజులకి కొలత తప్పకుండా కుట్టిన చెయ్యి. ఆఖరికి విత్. ఆయన దారం ఎప్పుడైనా సూదిలోకి ఎక్కించాడా? చొక్కాకి గుండీ ఊడితే, ఇదిగో అని ఇచ్చి పోయే మనిషి. ఆ బోర్డు కింద కూర్చోవడం కంటే ఎవరి బోర్డూ లేని చోట కూర్చోవడం మేలనిపించింది. ఆ క్షణంలోనే అనిపించింది, మళ్ళీ మారలేదు.

«వద్దు ఆపా,» అంది. «ఎవరికైనా ఇచ్చెయ్యండి.»

ఆపా ఆమె తల మీద చెయ్యి వేసింది. ఆడవాళ్ళిద్దరూ ఆ పూట పని చెయ్యలేదు. క్లినిక్కుకి వచ్చినవాళ్ళు ఏమైందోనని అద్దంలోంచి తొంగి చూసి వెళ్ళారు.

శ్యాంసుందర్‌కి కోపం వచ్చింది. రాదా మరి. «ఇంత కష్టపడి అన్నీ చేస్తే మొహం మీద కొట్టావు. నీకు ఏం కావాలో నీకే తెలియదు,» అన్నాడు. వారం రోజులు ముభావంగా తిరిగాడు. తర్వాత మర్చిపోయాడు. మగవాళ్ళ కోపం వారానికి తీరిపోతుంది, తీరనిది ఎవరిదో వాళ్ళకి తెలియదు.

నెలాఖరుకి దుకాణంలోకి ఫోన్ కవర్లు అమ్మేవాళ్ళొచ్చారు. మిషన్లు యీషున్‌లో ఎవరో కొనుక్కున్నారు. లారీ ఎక్కించేటప్పుడు నవత కటింగ్ బల్ల వంక చూసింది. సుద్ద గీతలు ఏవో ఉన్నాయి, ఏవి ఎవరి కొలతలో చెప్పలేం. ఆపా ఆమెకి తన పెద్ద కత్తెర ఇచ్చి వుడ్‌ల్యాండ్స్ వెళ్ళిపోయింది. ఇల్లలకగానే పండగ కాదని నవత అమ్మ అంటుండేది. ఇక్కడ ఇల్లు అలికిన మనిషికి పండగే రాలేదు.

ఇంట్లో కూర్చుంటే గడవదు కదా. మాల్‌లో ఆ పెద్ద బట్టల దుకాణంలోనే, మూడో అంతస్తులో, ప్యాంట్లు పొట్టి చేసే కౌంటర్లో ఉద్యోగం దొరికింది. ఎడమ కాలు, కుడి కాలు, మడత, కుట్టు. పట్టు జాకెట్టుకి ముడత లేకుండా చెయ్యి ఎక్కించే మనిషికి ఇది ఏం పని చెప్పండి. అయినా ఆవిడ ఒక్క ప్యాంటు కూడా వంకరగా కుట్టలేదు. జీతం చీటీలు మూడు పోగయ్యాక, ఒక మధ్యాహ్నం భోజనం వేళ, కింది అంతస్తులో కార్డులిచ్చే టేబుల్ దగ్గరికి వెళ్ళింది.

అక్కడి అమ్మాయి వర్షిత కంటే ఓ రెండేళ్ళు పెద్దదేమో. టాబ్లెట్ మీద వేలితో గబగబా వివరాలు నింపింది.

«ఫస్ట్ కార్డా ఆంటీ?»

ఎన్నో ఏళ్ళ కిందట ఇదే దుకాణంలో, పిల్లని చంకనేసుకుని, ఇదే ప్రశ్నకి సిగ్గుపడుతూ అవునని చెప్పిన మనిషి ఎక్కడికి పోయిందో.

«ఫస్టే,» అంది నవత.

«కంగ్రాట్స్ ఆంటీ. టైముకి కడుతూ ఉండండి, నెమ్మదిగా మంచి హిస్టరీ తయారవుతుంది. హజ్బెండ్‌కి సప్లిమెంటరీ ఫ్రీగా ఇస్తున్నాం, వెయ్యనా?»

«వద్దమ్మా.»

కార్డు వచ్చిన రోజు రాత్రి కవరు భోజనాల బల్ల మీదే ఉంది. శ్యాంసుందర్ విప్పి చూశాడు. సన్న కార్డు, నలుపూ లేదు, నిగారింపూ లేదు. అడుగున నవత పేరు మాత్రం ఉంది.

«మళ్ళీ దుకాణం కార్డేంటి? మన పెద్దది ఉందిగా,» అన్నాడు. నవత ఆయన కంచంలో అన్నం వడ్డించింది. పెద్దదానికి తన జీతంలోంచి వెళ్ళే గైరో ఆ పొద్దున్నే ఆపేసి వచ్చిందన్న సంగతి బిల్లు వచ్చినప్పుడు ఆయనకే తెలుస్తుంది. ఆయన కవరులోని కాగితం చదివి నవ్వాడు. «సప్లిమెంటరీ ఫ్రీ అంట. నాకొకటి తీసుకోకపోయావా?»

నవత పెరుగు గిన్నె ఆయన ముందుకి జరిపింది. అదే గొంతుతో, అదే మర్యాదతో అంది.

«మీరు సప్లిమెంటరీ ఏంటండీ, బాగోదు.»

«అదీ నిజమేలే,» అని ఆయన పెరుగు కలుపుకున్నాడు.